షక్లొవీతి నటించడం లేదు

ముసోర్గ్‌స్కీ ‘ఖొవాన్‌ష్చినా’ ఒపెరా గురించి మాట్లాడేవాళ్లు మూడో అంకం దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. మొదటి అంకంలో ఆకాశరామన్న ఉత్తరం రాయించిన షక్లొవీతి, నాలుగో అంకంలో నమ్మించి మనిషిని చంపించబోయే షక్లొవీతి, ఆ రెంటికీ నడుమ ఒంటరిగా నిలబడి దేశం కోసం దేవుణ్ణి వేడుకుంటాడు. అది చిన్నాచితకా పాట కాదు. బారిటోన్ గాయకులు కచేరీల్లో విడిగా పాడుకునేంత పేరున్నది. విమర్శకులకు చిక్కు అక్కడే వచ్చిపడింది. ఇంత నిండైన పాటను ఇంత నీచుడి నోట ఎలా పెట్టాడు? దీనికి ఏళ్ల తరబడి వినిపిస్తున్న జవాబు, అది రచయిత పొరపాటని. ఒపెరా ముగించకుండానే పోయాడు కదా, పాత్ర కుదురుకోలేదు, చేతిలో ఒక మంచి పాట ఉంటే దొరికినవాడికి ఇచ్చేశాడు అంటారు. ఇంకొందరు కాస్త మర్యాదగా, షక్లొవీతి అక్కడ నటిస్తున్నాడు అంటారు.

రెండు మాటలూ తప్పేనని నా వాదన. ఈ ఒపెరా దేని గురించి రాశారో ఆ సంగతంతా ఆ పాటలోనే ఉంది. దాన్ని తీసేస్తే, లేదా దొంగ ఏడుపులా పాడిస్తే, మిగిలేది కోటలో కుట్రల కథ ఒక్కటే. అలాంటివి యూరప్ ఒపెరాలో కొల్లలుగా ఉన్నాయి.

కథ 1682లో మొదలవుతుంది. జార్ ఫ్యొదొర్ వారసుడు లేకుండా చనిపోయాడు. సవతి తమ్ముడు పీటర్‌కి అప్పటికి పదేళ్లు నిండలేదు. సొంత తమ్ముడు ఇవాన్ రోగిష్టి. ఇద్దరినీ జార్‌లుగా కూర్చోబెట్టి అక్క సోఫియా రాజ్యం నడిపింది. మాస్కోలో స్త్రెల్త్సీలనే తుపాకీ దళాలుండేవి, తండ్రి తర్వాత కొడుక్కి అదే కొలువు. ఆ మే నెలలో వాళ్లు క్రెమ్లిన్ మీద పడి పెద్ద పెద్ద ప్రభువులను నరికి పోగులు పెట్టారు. చేసింది న్యాయమేనని రెడ్ స్క్వేర్‌లో ఒక స్తంభం కూడా నిలబెట్టించుకున్నారు. వాళ్ల పెద్ద ప్రిన్స్ ఇవాన్ ఖొవాన్‌స్కీ. సెప్టెంబరు వచ్చేసరికి ఆయన తలా, కొడుకు అంద్రేయ్ తలా తెగిపడ్డాయి. 1689లో పీటర్ సోఫియాను దించేసి, ఆమె మంత్రి గొలీత్సిన్‌ను ఉత్తరాదికి వెళ్లగొట్టాడు. 1698లో స్త్రెల్త్సీలు మళ్లీ తిరగబడితే వెయ్యిమందికి పైగా చంపించాడు. ముసోర్గ్‌స్కీ ఈ పదహారేళ్లనూ ఒక్క కథగా మడతపెట్టాడు. దాంట్లోనే చర్చి గొడవ కలిపాడు. పాట్రియార్క్ నికోన్ ప్రార్థన పద్ధతులు మార్చేసరికి, రెండు వేళ్లతోనే శిలువ గుర్తు వేసుకుంటామని పట్టుబట్టిన పాత ఆచారం వాళ్లు వెలివేతకు గురై అడవుల్లోకి పారిపోయారు. సైన్యం వెంటబడితే కొన్నిచోట్ల తమకు తామే నిప్పుపెట్టుకున్నారు.

రొమానొవ్ వంశపు రాజులను ఒపెరా వేదిక మీద చూపకూడదని ఆనాడు నిషేధం ఉండేది. కాబట్టి పీటర్, సోఫియా ఇద్దరూ ఈ ఒపెరాలో కనిపించరు. నిర్ణయాలన్నీ తెర వెనక జరుగుతాయి. మన కళ్ల ముందున్నవాళ్లకు వాటి దెబ్బ మాత్రమే తెలుస్తుంది. సెన్సారు పెట్టిన అడ్డంకిని ముసోర్గ్‌స్కీ నాటకానికి బలంగా మార్చుకున్నాడు. దేశమంతా ఎవరి పేరుతో అల్లాడుతోందో వాళ్లు రంగం మీద లేకపోవడం వల్లే, ఉన్న ప్రతివాడూ దేశం పేరు తన ఇష్టమొచ్చినట్టు వాడుకోగలుగుతాడు.

ఇప్పుడు ఆ ఉత్తరం సంగతి. మొదటి అంకంలో తెల్లవారుతోంది. రెడ్ స్క్వేర్‌లో స్త్రెల్త్సీలు రాత్రి తాము చేసిన హత్యలు ఒకరికొకరు గొప్పగా చెప్పుకుంటున్నారు. అర్జీలు రాసిపెట్టి పొట్టపోసుకునే గుమాస్తా ఒకడు వచ్చి తన గుడారపు కొట్లో కూర్చుంటాడు. షక్లొవీతి వచ్చి ఉత్తరం చెబుతాను రాయమంటాడు, డబ్బు బాగా ఇస్తానంటాడు. గుమాస్తా సంతోషంగా కలం తీస్తాడు. ఖొవాన్‌స్కీ తండ్రీకొడుకులు రాజద్రోహం తలపెట్టారు, అంద్రేయ్‌ను సింహాసనం ఎక్కించబోతున్నారు అని చెప్పుకుపోతుంటే వాడికి ముచ్చెమటలు పోస్తాయి. రాయనంటాడు. బెదిరిస్తే రాస్తాడు. నడుమ దూరం నుంచి స్త్రెల్త్సీల పాట వినిపించినప్పుడల్లా ఇద్దరూ బిక్కచచ్చిపోతారు. చరిత్రలో నిజంగానే ఆ సెప్టెంబరులో కొలొమెన్‌స్కొయె కోట ద్వారం మీద ఇలాంటి ఉత్తరం దొరికింది. ముసోర్గ్‌స్కీ ఆ కాగితాన్ని పట్టుకుని, అది ఎలా తయారై ఉంటుందో ఒక్కో వాక్యమూ మన ఎదుట రాయించాడు. అబద్ధం పుట్టడం చూపించే ఇంత ఓపికైన రంగం ఒపెరాల్లో ఇంకోటి నాకు తెలియదు. ఇక్కడ షక్లొవీతి సంగీతంలో అందం ఏమీ లేదు. మాట మాటకీ ఊపిరి పట్టి నడిచే పొడి సంభాషణ అది.

ఈ మనిషే మూడో అంకంలో, నది అవతల స్త్రెల్త్సీల పేటలో, వాళ్లంతా నిద్రపోతుండగా నిలబడి పాడతాడు. ఒకప్పుడు తాతార్లకు కప్పం కట్టిన నేల, తర్వాత ప్రభువుల కింద నలిగిన నేల, ఇంకా ఎందుకిలా మూలుగుతోందని అడుగుతాడు. దీన్ని కాపాడే ఒక్కణ్ణి పంపమని దేవుణ్ణి అర్థిస్తాడు. కిరాయి సైనికుల చేతిలో నా దేశాన్ని నాశనం కానివ్వకు అని ముగిస్తాడు.

నటిస్తున్నాడనేవాళ్లను నేనొకటే అడుగుతాను. ఎవరి ముందు? ఆ వీధిలో మేలుకుని ఉన్నవాడు ఒక్కడూ లేడు. మోసం చేయాలంటే మోసపోయేవాడు ఉండాలి కదా. ఒంటరిగా నిలబడ్డ పాత్ర పాడేటప్పుడు దాని మనసు విప్పి చూపడం ఒపెరాలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. ఆ మర్యాదను ఇక్కడ తప్పాలని ముసోర్గ్‌స్కీ అనుకుని ఉంటే, వాద్యాల్లో ఎక్కడో ఒకచోట గుచ్చేవాడు. ఆయన ముందరి ఒపెరా ‘బొరీస్ గొదునోవ్’లో షూయ్‌స్కీ వినయంగా మాట్లాడుతుంటేనే వాడి జిత్తులమారితనం సంగీతంలో తెలిసిపోతుంది. అంత నేర్పున్నవాడు ఇక్కడ ఆ పని చేయలేదు. చర్చి గానంలోని నిదానం, మగగొంతు దిగువ స్థాయి నుంచి మెల్లగా పైకెక్కి బతిమాలుకునే తీరు, అన్నీ నికార్సైనవే.

పొరపాటనే వాదన ఇంకా బలహీనం. ఒపెరా పూర్తికాలేదన్న మాట నిజమే. 1881 మార్చిలో ఆయన చనిపోయేనాటికి వాద్యబృందానికి రాసింది చాలా కొంచెం. రెండో అంకం ముగింపు, చివరి సామూహిక గానం మిగిలిపోయాయి. కానీ 1880 ఆగస్టులో తన మిత్రుడైన విమర్శకుడు స్తాసొవ్‌కి రాసిన ఉత్తరంలో, ఆత్మాహుతి రంగంలో ఒక్క చిన్న ముక్క తప్ప ‘ఖొవాన్‌ష్చినా’ అయిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. పియానో ప్రతిలో షక్లొవీతి పాట నిండుగా ఉంది. రాయని భాగాన్ని చూపించి, రాసిన భాగాన్ని పొరపాటనడం ఏ న్యాయం? ఈ ఒపెరాకి మాటలు కూర్చింది కూడా ఆయనే, చరిత్ర గ్రంథాలు ముందు పెట్టుకుని. ఎవరో ఇచ్చిన నాటకానికి బాణీ కట్టి ఇరుక్కుపోయినవాడు కాదు.

మన పాఠకులకు ఇది అంత వింతగా ఉండకూడదు. పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టిన జాతి మనది. 1977లో ‘దానవీరశూరకర్ణ’ చూసి దుర్యోధనుణ్ణి ప్రేమించినవాళ్లం. అయితే అక్కడ జరిగేది వేరు. ప్రతినాయకుడికి స్నేహం ఇస్తాం, అవమానం ఇస్తాం, అభిమానం ఇస్తాం. ఆ లెక్కన వాడు చేసిన పనిలో కొంత కోసేస్తాం. ముసోర్గ్‌స్కీ ఆ పని చేయడు. షక్లొవీతికి భార్య లేదు, మిత్రుడు లేడు, చిన్ననాటి గాయం లేదు. వాణ్ణి క్షమించడానికి మన చేతికి ఒక్క కారణం కూడా అందదు. వాడికున్నదల్లా దేశం మీద ప్రేమ. ఆ ప్రేమే వాడి చేత ఉత్తరం రాయిస్తుంది.

అది చూడడానికి భయపడే ఈ తప్పుడు వ్యాఖ్యానాలన్నీ పుట్టాయని నేను నమ్ముతున్నాను. దేశాన్ని నిజంగా ప్రేమించేవాడు నీచమైన పని చేయడు, చేశాడంటే వాడి ప్రేమ దొంగది అని మనకు ధైర్యం చెప్పుకోవడం అలవాటు. ఆ ధైర్యాన్ని ఈ ఒపెరా ఇవ్వదు. పాట అయిన కాసేపటికే, అదే అంకం చివర, అదే గుమాస్తా గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొస్తాడు. రైతార్లు, అంటే కిరాయి గుర్రపు దళం వాళ్లు, స్త్రెల్త్సీల మీద పడ్డారు, పీటర్ సైనికులు వాళ్లకు తోడొచ్చారు అని చెబుతాడు. ఎవరి నుంచి దేశాన్ని కాపాడమని షక్లొవీతి దేవుణ్ణి అడిగాడో వాళ్లే వచ్చారు. వాళ్లకు దారి తెరిచిన ఆరోపణ వాడు పుట్టించిందే. పాట అబద్ధమైతే ఈ ఘట్టానికి అర్థమే ఉండదు. పాట నిజం కాబట్టే ఇది ఒళ్లు జలదరించేలా ఉంటుంది.

నాలుగో అంకంలో హత్య. తన జాగీరులో కూర్చున్న ఖొవాన్‌స్కీకి ప్రమాదం ఉందని గొలీత్సిన్ మనిషి వచ్చి చెబితే, ఆయన చెప్పినవాణ్ణే కొట్టించి, పర్షియా బానిస పిల్లల చేత నాట్యం ఆడించుకుంటాడు. షక్లొవీతి వచ్చి, సోఫియా కొలువు తీర్చింది, తమరు లేనిదే జరగదట అంటాడు. ముసలాయన బెట్టు చేస్తాడు, మళ్లీ లోలోపల ఉబ్బిపోయి ఖరీదైన దుస్తులు తెప్పిస్తాడు. ఆడపిల్లలు ఆయన్ను హంసతో పోల్చి కీర్తిపాట పాడుతుండగా గుమ్మం దాటబోయి కత్తిపోటుకు పడిపోతాడు. షక్లొవీతి శవం దగ్గరికొచ్చి ఆ కీర్తిపాటలోని మాటలనే తాను పాడి నవ్వుతాడు. మూడో అంకంలో వాణ్ణి చూసి కరిగిపోయి, మనసున్నవాడే పాపం అని సర్దుకున్న ప్రేక్షకుడికి ఇక్కడ దారి మూసుకుపోతుంది. వాడి భక్తిని మనం నమ్మాలి. ఈ నవ్వునూ నమ్మాలి.

‘బొరీస్ గొదునోవ్’ చూసి ఇటు వచ్చినవాళ్లకు ఇది మరీ కష్టం. బొరీస్‌కి అంతరాత్మ ఉంది. ఉగ్లిచ్‌లో అతని వల్ల చచ్చిన పసివాడు అతని కళ్ల ముందు కదులుతాడు, నేరం మనిషిని లోపలినుంచి తినేస్తుంది. అది చూసి మనకు ఒక రకమైన ఊరట, న్యాయం ఎక్కడో లోపల పనిచేస్తోందని. ‘ఖొవాన్‌ష్చినా’లో ఎవరికీ అలాంటి రాత్రి రాదు. ముసోర్గ్‌స్కీ ముందరి ఒపెరాలో చేసినదాన్నే మళ్లీ చేయలేకపోయాడని కొందరు తక్కువ చేస్తారు. అంతరాత్మ మీద భారం వేయడం ఆయన మానుకున్నాడని నేనంటాను.

అలాగని ఇందులో అందరూ ఒకటే, ఎవరికి ఎవరూ తీసిపోరు, రచయిత ఎవరి పక్షమూ వహించలేదు అనే మాట కూడా చెల్లదు. ఈమధ్య ఇది పండితాభిప్రాయంగా చలామణీ అవుతోంది. ఇది సోమరితనం. ఎవరు ఏం చేశారో ఈ ఒపెరా చాలా ఖచ్చితంగా లెక్క రాస్తుంది. గొలీత్సిన్ చదువుకున్నవాడు, పడమటి దేశాల తీరు మెచ్చుకునేవాడు, వంశాన్ని బట్టి పదవులిచ్చే పాత పద్ధతిని తీసేయించినవాడు. రెండో అంకంలో సోఫియా రాసిన ప్రేమలేఖ చదువుతూనే ఆమెను నమ్మవచ్చా అని అనుమానిస్తాడు. అంత నాగరికుడు రహస్యంగా మార్ఫా అనే స్త్రీని పిలిపించుకుని నీళ్లలో భవిష్యత్తు చూడమంటాడు. పదవి పోతుంది, దూరదేశం పట్టిపోతావు అని ఆమె చెప్పగానే, ఆ మాట బయటికి పొక్కకుండా ఆమెను బురదమడుగులో ముంచి చంపమని నౌకరుకు పురమాయిస్తాడు. చదువు అతని చేతిని ఒక్క క్షణం కూడా ఆపలేదు. ఇది తీర్పు కాక మరేమిటి?

మార్ఫా విషయంలో ఆ తీర్పు ఇంకా కఠినం, ఇంకా దయగలది. ఆమె పాత ఆచారం మనిషి. అంద్రేయ్ ఖొవాన్‌స్కీ ఆమెను ప్రేమించి వదిలేశాడు. జర్మన్ల పేట నుంచి వచ్చిన ఎమ్మా అనే అమ్మాయి మీద అతను పడితే, అడ్డుపడి కాపాడింది మార్ఫాయే. ఒపెరా మొత్తంలో మనం నిస్సంకోచంగా ప్రేమించేది ఆమెను. చివరి అంకంలో, అంతా కూలిపోయాక, అంద్రేయ్‌ను చావు నుంచి తప్పిస్తానని తీసుకెళ్లి అడవిలోని ఆశ్రమానికి చేరుస్తుంది. అక్కడ పాత ఆచారం వాళ్ల పెద్ద దొసిఫేయ్ తనవాళ్లందరినీ చితికి సిద్ధం చేస్తున్నాడు. అంద్రేయ్ ఇంకా ఎమ్మా పేరే తలుస్తున్నాడు. మార్ఫా కొవ్వొత్తి పట్టుకుని, పాత ప్రేమను గుర్తుచేస్తూ, పోయినవాళ్లకు పాడే ప్రార్థనలాంటి పాట బతికున్న అతని చుట్టూ పాడుతుంది. ముసోర్గ్‌స్కీ దీనికి ప్రేమ అంత్యక్రియ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుని మురిసిపోయాడు. ఆమె చేస్తున్నది ఏమిటి? నమ్మకం లేని మనిషిని నమ్మకం పేరుతో మంటల్లోకి నడిపిస్తోంది. షక్లొవీతి చేసినదానికి ఇది ఎంత దగ్గరో చూడండి. ఇద్దరూ ఒక ఖొవాన్‌స్కీని చావుకు తీసుకెళ్లారు, ఇద్దరూ ఆ చావు మీద పాట పాడారు. అయినా ఇద్దరూ ఒకటే అనడానికి నాకు నోరు రాదు, మీకూ రాదు. ఆమె తానూ అదే మంటలోకి దిగుతోంది. షక్లొవీతి పక్కన నిలబడి నవ్వాడు. ఈ తేడాను ముసోర్గ్‌స్కీ మాటల్లో చెప్పడు. రెండు రంగాలూ కట్టి చూపిస్తాడు.

ఇక మరో దురభిప్రాయం మనకు బాగా తెలిసినది. మాస్కో ప్రగతి, రాదుగ పుస్తకాలు చదివి పెరిగిన తరం తెలుగువాళ్లం, రష్యా చరిత్రను పురోగాములు, అభివృద్ధి నిరోధకులు అని రెండు వరసలుగా చూడటం నేర్చుకున్నాం. సోవియట్ విమర్శకులు ఈ ఒపెరాను అలాగే చదివారు. ఖొవాన్‌స్కీలు, పాత ఆచారం వాళ్లు పోవలసినవాళ్లు, రంగం మీద లేని పీటర్ రాబోయే వెలుగు, మొదట్లో మాస్కో నది మీద తెల్లవారే ఘట్టపు సంగీతం ఆయన రాకకు సూచన. ఆ పుస్తకాలకు నేను ఋణపడి ఉన్నాను, అయినా ఈ చదువు తప్పు. 1872లో పీటర్ పుట్టి రెండువందల ఏళ్లయిందని రష్యాలో ఉత్సవాలు జరుగుతున్నప్పుడే ముసోర్గ్‌స్కీ ఈ పని మొదలుపెట్టాడు. ఆ ఎండాకాలం స్తాసొవ్‌కి రాసిన ఉత్తరంలో, మనం ముందుకు వచ్చామన్న మాట అబద్ధం, ఉన్నచోటే ఉన్నాం, జనం తమను ఏం చేస్తున్నారో తమ కళ్లతో చూసుకోలేనంతకాలం ఇంతే అన్న అర్థంలో రాశాడు. ఇలా అనుకున్నవాడు పీటర్ విజయానికి మేలుకొలుపు పాడతాడా?

నాలుగో అంకం రెండో రంగంలో స్త్రెల్త్సీలు తమ తలలు నరికే మొద్దులు తామే మోసుకుంటూ వస్తారు. వాళ్ల పెళ్లాలు క్షమించొద్దని అరుస్తారు. అప్పుడు పీటర్ దూత వచ్చి క్షమాభిక్ష చదువుతాడు. వింటున్న ప్రతి రష్యన్‌కీ 1698లో ఏం జరిగిందో తెలుసు. సూరికొవ్ గీసిన ‘స్త్రెల్త్సీల మరణశిక్ష నాటి ఉదయం’ అనే పెద్ద చిత్రం 1881 మార్చి 1న ప్రదర్శనకు వచ్చింది, ముసోర్గ్‌స్కీ చనిపోయింది అదే నెల. ఆ చిత్రంలో ఒక అంచున గుర్రం మీద పీటర్, మరో అంచున చేతుల్లో కొవ్వొత్తులతో స్త్రెల్త్సీలు. ఆ క్షమాభిక్ష ఎన్నాళ్లదో తెలిసినవాళ్ల కోసం రాసిన రంగాన్ని దయాగుణానికి నిదర్శనంగా చదవడం సంగీతాన్ని వినకపోవడమే.

ఒపెరాను పూర్తిచేసినవాళ్లు కూడా ఈ తప్పులో తలో చెయ్యి వేశారు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ స్నేహితుడి కాగితాలు కాపాడాడు, అందుకు ఆయనకు ఎప్పటికీ నమస్కారమే. ఆయన ప్రతితోనే 1886లో ఇది మొదటిసారి వేదికెక్కింది. కానీ చితి మంటల మీద పీటర్ సైన్యపు బాకాలు మోగించి ముగించాడు. 1959 సినిమా కోసం వాద్యాలు కూర్చిన షొస్తకోవిచ్, చివర మళ్లీ ఆ తెల్లవారే సంగీతాన్ని తెచ్చి వెలుగు చూపించాడు. 1913 పారిస్ ప్రదర్శనకు స్ట్రావిన్‌స్కీ రాసిన ముగింపులో మాత్రం పాడేవాళ్ల గొంతులు సన్నగిల్లి ఆగిపోతాయి, ఎవరూ గెలవరు. 1989లో వియన్నాలో సంగీత నిర్వాహకుడు అబ్బాదో మిగతా అంతా షొస్తకోవిచ్ ప్రతి తీసుకుని ముగింపుకు స్ట్రావిన్‌స్కీ దగ్గరికి వెళ్లడం సరైన నిర్ణయమని నేను గట్టిగా చెబుతాను. బాకాలు మోగితే షక్లొవీతి చేసింది ఒక మంచి పనికి పెట్టిన ఖర్చుగా మారిపోతుంది.

చివరిగా, ముసోర్గ్‌స్కీ వదిలేసినది ఒకటుంది. నిజమైన ఫ్యొదొర్ షక్లొవీతి సోఫియా మనిషి. ఖొవాన్‌స్కీ తర్వాత స్త్రెల్త్సీల పాలనా అతని చేతికే వచ్చింది. పీటర్ గెలిచాక 1689 అక్టోబరులో అతని తలా తీయించారు. గొలీత్సిన్ ప్రవాసం కోసం అదే ఏడాదిని ఒపెరాలోకి లాక్కొచ్చిన ముసోర్గ్‌స్కీకి ఈ సంగతి తెలియకపోదు. తేదీలు ఇష్టమొచ్చినట్టు కలిపినవాడికి ఆ శిక్ష చూపించడం ఎంతసేపు? చూపించలేదు. ఖొవాన్‌స్కీ హత్య అయ్యాక షక్లొవీతి రంగం విడిచి వెళ్లి మళ్లీ రాడు. తండ్రి చచ్చాడు, మంత్రి ప్రవాసం పోయాడు, సైనికులు మోకరిల్లారు, భక్తులు కాలిపోయారు. దేశం కోసం ప్రార్థించినవాడు ఒక్కడే క్షేమంగా వెళ్లిపోయాడు. కొందరు దర్శకులు చివర్లో వాణ్ణి మళ్లీ తెచ్చి ఏదో ఒక శిక్షో సైగో పెట్టాలని చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పాడే గాయకుడికి చెప్పవలసింది ఒక్కటే. మూడో అంకంలో ఒక్క అనుమానపు చూపు కూడా లేకుండా, ప్రతి మాటా నమ్మి పాడమనండి. నాలుగో అంకంలో శవం మీద పాడేటప్పుడు గొంతు మార్చవద్దనండి.